కంపెనీ చేతులు మారితే మా అమ్మాయి చదువు ఏమవుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఎఫ్‌పీజీఏ అనే రకం చిప్‌ల మీద ప్రాజెక్టు చేసి, ఆ లైన్‌లోనే ఉద్యోగం చూసుకుంటానంటోంది. ఆ చిప్‌లు చేసే ఆల్టెరాను ఇంటెల్ కొని, మళ్లీ సగానికి పైగా వాటా అమ్మేసిందని చదివాను. ఇంకో పెద్ద కంపెనీ జైలింక్స్‌ను ఏఎండీ కొనేసిందట. సొంతంగా నిలబడలేని కంపెనీల పని నేర్చుకుంటే పిల్ల గతేంటి? బంధువులంతా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చదివినవన్నీ నిజమే. కానీ నిలబడలేక అమ్ముడుపోయాయనుకోవడం సరికాదు. 2015లో ఇంటెల్ ఆల్టెరాకు పెట్టిన ధర 1,670 కోట్ల డాలర్లు. 2020 అక్టోబరులో జైలింక్స్‌ను ఏఎండీ 3,500 కోట్ల డాలర్లకు మాట్లాడుకుంది. డబ్బుకు బదులు తన షేర్లే ఇచ్చింది, వాటి ధర పెరగడంతో 2022 ఫిబ్రవరిలో బేరం పూర్తయ్యేనాటికి ఆ విలువ దాదాపు 4,900 కోట్లకు చేరింది. మునిగిపోయే కంపెనీకి ఎవరూ అంత పెట్టరు.

అంత ఎందుకు పెట్టారంటే, మామూలు చిప్ ఫ్యాక్టరీ దాటాక దాని లోపలి సర్క్యూట్ మారదు. ఎఫ్‌పీజీఏలో మాత్రం కొనుక్కున్నవాళ్లే తమకు కావలసిన సర్క్యూట్‌ను ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ తన బింగ్ సర్వర్లలో ఆల్టెరా చిప్‌లు పెట్టి సెర్చ్ పని వేగంగా చేయించింది. డేటా సెంటర్లకు ప్రాసెసర్లు అమ్ముకునే ఇంటెల్‌కు ఆ మార్కెట్ చేజారకూడదనిపించింది.

ఆ తర్వాత ఇంటెల్ ఆశించినట్టు జరగలేదు. 2024లో ఇంటెల్ భారీ నష్టాల్లో పడింది, ఆల్టెరా అమ్మకాలు కూడా తగ్గాయి. 2025 ఏప్రిల్‌లో 51 శాతం వాటాను సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థకు ఇస్తున్నట్టు ప్రకటించేసరికి ఆల్టెరా మొత్తానికి కట్టిన విలువ 875 కోట్ల డాలర్లే. ఇలా చేతులు మారినప్పుడు టీమ్‌లను కలిపేస్తారు, కొందరి ఉద్యోగాలు పోతాయి. ఆ విషయంలో మీ భయం అనవసరమని నేను అనను. అయితే ఆ ముప్పు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ ఉంది.

మీ అమ్మాయి నేర్చుకునేది ఆ కంపెనీల సొత్తు కాదు. సర్క్యూట్లు రాసే వెరిలాగ్ భాషనే చూడండి. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని కేడెన్స్ అనే పెద్ద కంపెనీ కొనేసింది. భాష మాత్రం ఆగలేదు. 1995లో ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ప్రమాణం అయింది, ఇవాళ్టికీ అందరూ వాడుతున్నారు. ఆల్టెరా చిప్ ఉన్న బోర్డు మీద రాసిన కోడ్‌ను కొద్ది మార్పులతో జైలింక్స్ బోర్డుకు ఎక్కించుకోవచ్చు.

అమ్మాయికి ఈ పని నిజంగా పట్టుబడిందో లేదో మీరే చూడొచ్చు. బోర్డు మీద ఒక ఎల్ఈడీని అర సెకను వెలిగించి, అర సెకను ఆర్పమనండి. చాలా బోర్డుల్లో క్లాక్ సెకనుకు 5 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంటే అర సెకనుకు రెండున్నర కోట్లు లెక్కపెట్టాలి. ఆ లెక్కపెట్టే కౌంటర్‌కు 24 బిట్లే (సున్నా, ఒకటి పట్టే గదులు) ఉంటే కోటీ 67 లక్షల దగ్గరే నిండిపోయి మళ్లీ సున్నాకు వస్తుంది, రెండున్నర కోట్లకు చేరదు, లైటు మారనే మారదు. 25 బిట్లు కావాలి. అలా లైటు మారనప్పుడు తప్పెక్కడుందో కాగితం మీద లెక్క వేసుకుని తనే పట్టుకుంటే, ఆ పిల్ల ఈ పనికి పనికొస్తుంది. నెట్‌లో దొరికిన కోడ్ అతికించి సార్‌కు చూపించేవాళ్లు ఇంటర్వ్యూలో పది నిమిషాలు కూడా నిలవరు.

ఇక ఇబ్బందులు. ఈ ఉద్యోగాలు గుంటూరు, విజయవాడల్లో దొరకవు, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. కొత్తవాళ్లకు ఖాళీలు సాఫ్ట్‌వేర్ కన్నా బాగా తక్కువ. అందుకే ఎఫ్‌పీజీఏ ఒక్కదాన్నే పట్టుకోవద్దని చెప్పండి. దాంతోపాటు వెరిలాగ్‌నే పెంచి చేసిన సిస్టమ్ వెరిలాగ్ భాష, వెరిఫికేషన్ నేర్చుకోమనండి. వెరిఫికేషన్ అంటే చిప్ తయారీకి పంపేముందు తప్పులు వెతికే పని, మనుషులు ఎక్కువగా కావలసింది అక్కడే. సీ, పైథాన్ కూడా వచ్చి ఉండాలి. మీ బంధువులు చెప్పే సాఫ్ట్‌వేర్ దారి అలా మూసుకుపోకుండా ఉంటుంది. గేట్ రాస్తే ఎంటెక్‌కు దారి ఉంటుంది. రక్షణ పరిశోధన ల్యాబ్‌లలో ఎఫ్‌పీజీఏ పని చాలా ఉంది, డీఆర్‌డీఓ నియామకాల్లోనూ గేట్ స్కోరు పనికొస్తుంది.

ఇప్పటికిప్పుడు డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. ఎఫ్‌పీజీఏ పనికి వాడే సాఫ్ట్‌వేర్లు క్వార్టస్ (ఆల్టెరాది), వివాడో (జైలింక్స్‌ది) రెండింటికీ ఉచిత వెర్షన్లు ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ చెప్పిన వెరిలాగ్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఫ్రీగా చూడొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో బోర్డులు బీరువాలో ఉండిపోతుంటాయి. హెచ్‌ఓడీ గారిని అడిగి సాయంత్రాలు వాడుకోనివ్వమనండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షల్లో ఫీజు అడిగే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోచింగ్ ఎవరైనా చెబితే, కిందటి బ్యాచ్‌లో చేరిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడేదాకా అడ్వాన్స్ కట్టకండి.