గర్భం ఏడో వారంలో స్పాటింగ్ (కొద్దిగా రక్తపు మరకలు) కనబడితే ప్రొజెస్టిరాన్ వాడాలా?

గర్భసంచి లోపలి పొరని నిలబెట్టేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోనే, మొదట్లో అది అండాశయం నుంచి వస్తుంది, తర్వాత మాయ ఆ పని తీసుకుంటుంది. అందుకే కాస్త బ్లీడింగ్ అనగానే మన దగ్గర సస్టెన్, డుఫాస్టన్ లాంటి ప్రొజెస్టిరాన్ తరహా మందులు రాసేస్తుంటారు. అందరికీ పని చేస్తుందా అంటే, లేదండీ.

బ్రిటన్‌లో ప్రిజమ్ అని పెద్ద ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలొచ్చాయి. మొదటి మూడు నెలల్లో బ్లీడింగ్ అయిన 4,000 మందికి పైగా ఆడవాళ్ళలో సగం మందికి 400 మి.గ్రా. ప్రొజెస్టిరాన్ రోజుకి రెండుసార్లు యోనిలో పెట్టుకోమని ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు, కాన్పు దాకా నిలిచినవి ప్రొజెస్టిరాన్ వాళ్ళలో 75 శాతం, ఉత్తుత్తి మందు వాళ్ళలో 72 శాతం, అంటే పెద్ద తేడా లేదు. కానీ ముందే మూడు లేక అంతకన్నా ఎక్కువ గర్భాలు వాటంతటవే పోయినవాళ్ళలో మాత్రం 72 శాతం, 57 శాతం! అందుకే 2021 నుంచి అక్కడి నైస్ (వైద్య సూచనలిచ్చే సంస్థ) గైడ్‌లైన్, ఇంతకుముందు ఒక్కసారైనా గర్భం పోయి ఇప్పుడు బ్లీడింగ్ అవుతుంటే ఇవ్వమంటోంది, స్కాన్‌లో గర్భం సంచిలోనే ఉందని తేలాక, గుండె చప్పుడుంటే 16 వారాలు నిండేదాకా.

మీకు ఇంతకుముందు ఎప్పుడూ గర్భం పోకపోయుంటే, అలాంటివాళ్ళకి ఆ ట్రయల్‌లో లాభం కనబడలేదు. క్రోమోజోముల లోపంతో పోయేదాన్ని ఏ హార్మోనూ ఆపలేదు, చాలావరకు కారణం అదే, మీరు మెట్లెక్కడమో బొప్పాయి ముక్క తినడమో కాదు. మంచం దిగకుండా పడుకున్నా ఉపయోగం లేదు (అత్తగారికి చెప్పడం కష్టమే అనుకోండి). ఆల్రెడీ వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. ప్యాడ్ గంటకొకటి తడుస్తున్నా, పొత్తికడుపులో ఒకపక్కే విపరీతమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.