రోమన్ శ్రవణకుమారుడి వెనకాల ఎవరు?

ప్రశ్న: మాస్టారూ, పోయినేడు మా అబ్బాయి నన్ను రోమ్ తీసుకెళ్ళాడు. బోర్గేసే గ్యాలరీలో ఒక పాలరాతి విగ్రహం చూశాను. ఒక యువకుడు ముసలాయన్ని భుజం మీద మోస్తున్నాడు, వెనక చిన్న పిల్లవాడు. అచ్చం మన శ్రవణకుమారుడే అనిపించింది. ఎవరాయన?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆయన పేరు ఈనియస్ అమ్మా, రోమన్లు తమ మూలపురుషుడని చెప్పుకునే వీరుడు. భుజం మీద ఉన్నది తండ్రి ఆంకైసిస్, వెనకాల కొడుకు అస్కానియస్. 2016లో నేనూ ఆ గదిలో అడుగు పెట్టగానే 'శ్రవణకుమారుడు!' అనేశాను. 'కావడేది నాన్నా?' అని మా అమ్మాయి నవ్వింది.

రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియడ్' కావ్యం రెండో కాండలోది ఆ ఘట్టం. గ్రీకుల చేతిలో ట్రాయ్ నగరం తగలబడుతోంది, ఈనియస్ కుటుంబంతో పారిపోతున్నాడు. ముసలాయన చేతిలో బొమ్మల్లాంటివి ఉన్నాయి, గమనించారా? అవి వాళ్ళ ఇంటి దేవతలు. వాటిని కొడుకెందుకు పట్టుకోలేదంటే, యుద్ధం చేసిన చేతులకి నెత్తురంటింది. పారే నీళ్ళలో కడుక్కునేదాకా వాటిని తాను ముట్టకూడదు, 'నువ్వు పట్టుకో నాన్నా' అంటాడు. మైల పట్టింపు మనకొక్కళ్ళకే ఉందనుకుంటాం!

ఇటలీ శిల్పి బెర్నీనీ దీన్ని 1618-19లో చెక్కాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు. నేను ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను, కాబట్టి నా కళ్ళు చర్మం మీదికే పోయాయి. పిల్లవాడిది బూరెలాంటి ఒళ్ళు, తండ్రిది బిగువైన కండ, తాతది వేలాడిపోయిన తోలు. రాయి ఒకటే.

కానీ ఆ విగ్రహంలో ఒక మనిషి తక్కువ. ఈనియస్ భార్య క్రియూసా. తండ్రి భుజం మీద, కొడుకు చెయ్యి పట్టుకుని, భార్యేమో కాస్త దూరంగా వెనకాల నడిచి రావాలి. ఇదీ వర్జిల్ చెప్పిన వరస. ఊరి బయటికొచ్చి చూసుకుంటే ఆమె లేదు. మంటల్లోకి మళ్ళీ పరిగెత్తి, శత్రువులు వింటారన్న భయం కూడా లేకుండా పేరు పెట్టి కేకలేస్తాడు. చివరికి ఆమె నీడ కనిపిస్తుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు, మూడుసార్లూ చేతుల్లోంచి జారిపోతుంది. నాకు ఆ కాండలో మిగతాదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తాత, తండ్రి, మనవడు అనే మూడు తరాల స్తంభం బెర్నీనీకి కావాల్సి వచ్చింది, ఆమెని వదిలేశాడు. అదే గ్యాలరీలో బరోచ్చి అనే చిత్రకారుడు 1598లో వేసిన ఇదే ఘట్టం ఉంది. అందులో క్రియూసా ఉంది. మళ్ళీ వెళ్తే తప్పకుండా చూడండి. అక్కడ రెండు గంటలే టైమిస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ప్రశ్న: ఇవన్నీ గ్రీకు కథలే, రోమన్లు పేర్లు మార్చుకున్నారంతే అని మా లెక్చరర్ అంటారు. మీరేమో రోమన్ పురాణం అని రాస్తారు. ఏది కరెక్ట్?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ లెక్చరర్ చెప్పింది సగం నిజం. కథలు చాలామటుకు గ్రీకులవే. అయితే భారతం వ్యాసుడిదే అయినా తెలుగువాడి చెవిలో మోగేది నన్నయ, తిక్కనల గొంతు కదా. అక్కడా అంతే. పశ్చిమ యూరప్ బళ్ళలో వందల ఏళ్ళు పిల్లలు బట్టీపట్టింది రోమన్ల భాష లాటిన్. గ్రీకు వచ్చినవాళ్ళు అరుదు. అందుకని దేవుళ్ళ కథలంటే వాళ్ళకి లాటిన్‌లో రాసిన ఓవిడ్ కవే. అతని 'మెటమార్ఫసిస్' పదిహేను కాండలు, దాదాపు 12,000 పాదాలు. మనుషులు చెట్లు, పిట్టలు, రాళ్ళు అయిపోయే కథలే అన్నీ. షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో పనివాళ్ళు వేసే పిరమస్-థిస్బీ నాటకం అందులోదే.

ఉదాహరణకి డాఫ్నీ అనే వనకన్య. అపోలో దేవుడు తరుముతుంటే ఆమె చెట్టైపోతుంది. గుండె మీద బెరడు, జుట్టు ఆకులు, చేతులు కొమ్మలు, పాదాలు వేళ్ళు అని ఓవిడ్ వరసగా చెబుతాడు. 1622-25లో బెర్నీనీ చెక్కిన బొమ్మ చుట్టూ తిరిగితే ఇవన్నీ ఒక్కొక్కటే కనబడతాయి. ఇంకా అపోలో చెయ్యి చూడాలి. ఆమె నడుం మీద వేశాడు గానీ అప్పటికే మధ్యలో బెరడు వచ్చేసింది. ఆ బెరడు కింద గుండె ఇంకా కొట్టుకోవడం అతని చేతికి తెలిసిందని పద్యంలో ఉంది. కథ గ్రీకుదే కావచ్చు, ఆ చెయ్యి మాత్రం ఓవిడ్‌ది.

పేర్ల సంగతంటారా, 1820లో మిలో ద్వీపంలో దొరికిన గ్రీకు విగ్రహాన్ని కూడా లోకమంతా 'వీనస్' అనే రోమన్ పేరుతోనే పిలుస్తోంది. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా మనవరాలు స్కూల్ ప్రోగ్రాంలో పాడిన వీడియో పంపింది. 'నన్ను గుర్తుంచుకో' అని ఒకటే ఏడుపు పాట. ఎవరో రోమన్ రాణి కథట. చిన్నపిల్లకి ఇలాంటి పాటేమిటని మా ఆవిడ టెన్షన్.
– రిటైర్డ్ టీచర్, గుంటూరు

జవాబు: అమ్మగారిని కంగారు పడొద్దనండి. హెన్రీ పర్సెల్ స్వరపరిచిన 'డైడో అండ్ ఈనియస్' అనే ఆపెరాలో, అంటే పాటలతోనే నడిచే నాటకంలో, పాట అది. 1680ల్లో లండన్ దగ్గర చెల్సీలో ఒక ఆడపిల్లల బళ్ళోనే దాన్ని ప్రదర్శించారు. మీ మనవరాలు ఆ బాటలోనే ఉంది.

ఈనియస్ అంటే పైన చెప్పిన ఆయనే. ఓడలు కొట్టుకొచ్చి ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరం చేరతాడు. అక్కడి రాణి డైడో, భర్త పోయిన మనిషి, ఇతన్ని ప్రేమిస్తుంది. కొన్నాళ్ళకి 'ఇటలీకి నడు' అని దేవుడి ఆజ్ఞ వస్తుంది, వెళ్ళిపోతాడు. మన ప్రవరుడు వరూధినికి మొదటే వద్దని చెప్పాడు. ఈయన చలికాలమంతా ఉండి మరీ వెళ్ళాడు.

అయితే వర్జిల్ డైడో 'గుర్తుంచుకో' అని బతిమాలే మనిషి కాదు. 'నా ఎముకల్లోంచి పగ తీర్చేవాడు పుడతాడు' అని శపించి, చితి మీదికెక్కి అతని కత్తితోనే పొడుచుకుంటుంది. ఆ మాట వినగానే రోమన్లకి తమ మీదికి దండెత్తిన కార్తేజ్ సేనాని హానిబల్ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించి ఉంటుంది. ఆపెరాలో శాపం ఎగిరిపోయింది. దేవుడి బదులు మంత్రగత్తెలు పంపిన దొంగ దూత వస్తాడు. ఈనియస్ 'పోనులే, ఉండిపోతాను' అంటాడు, ఆమే పొమ్మంటుంది. కథగా నాకు వర్జిల్‌దే ఇష్టం. పాట మొదలయ్యాక మాత్రం ఆ మాట మర్చిపోతాను.

ఎందుకో హార్మోనియం మీద చూపిస్తాను. మా నాన్నగారు పద్యనాటకాలకి వాయించేవారు, ఆ పెట్టె ఇంకా నా దగ్గరుంది. ఐదు శ్రుతి తెల్లమెట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక్క మెట్టూ వదలకుండా కిందికి దిగండి: తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు, నలుపు, తెలుపు. ఆరు మెట్లు. ఆపైన చిన్న మలుపు తిరిగి మళ్ళీ మొదటికే. పాట పొడుగునా అడుగున తిరిగేది ఇదే. ఆ దిగుడు ఎక్కడా ఆగదు. పైన డైడో మాత్రం దాని లెక్కకి లొంగకుండా, వాక్యం మధ్యలో కింద వరస మళ్ళీ మొదలైపోతున్నా తన పాటికి తాను పాడుతూ ఉంటుంది. మీకు పెట్టె ఉంటే ఈసారి వీడియో కాల్‌లో మనవరాల్ని పాడమని, కింద మీరు ఆ ఆరు మెట్లూ దిగండి. మెల్లగా. తొందరపడితే పాట పోతుంది.