గేటు మీద పేరు ఒకటి, పీఎఫ్ పాస్‌బుక్‌లో పేరు ఇంకొకటి

ప్రశ్న: మాది సబ్బవరం దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ ఏడాది ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. విశాఖ స్టీల్‌ప్లాంటు నోటిఫికేషన్ పడేదాకా ఆగుతానంటున్నాడు. తెలిసిన కాంట్రాక్టరు పరవాడ ఫార్మాసిటీలో వెంటనే పెట్టిస్తానంటున్నారు. చుట్టూ ఇన్ని కంపెనీలుండి మా పిల్లలకు పర్మినెంటు ఉద్యోగం ఎందుకు దొరకడం లేదు? ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: ముందు స్టీల్‌ప్లాంటు సంగతి. దాని కోసం కూర్చోవద్దని మీవాడికి గట్టిగానే చెప్పండి. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బు ప్లాంటు నిలబడటానికే గానీ కొత్తవాళ్లను చేర్చుకోవడానికి కాదు. ఉన్నవాళ్లకే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చి పంపారు.

మన దగ్గర పని లేదనలేం. పొద్దున్నే గాజువాకలో షిఫ్టు బస్సుల కోసం నిలబడే జనాన్ని చూస్తే తెలుస్తుంది. అయితే ఆ పనిలో చాలా భాగం కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. రిఫైనరీలోనో థర్మల్ ప్లాంటులోనో షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపడం) వస్తే కొన్ని వారాలపాటు ఫిట్టర్లు, వెల్డర్లు ఎంతమందైనా కావాలి. అది అయిపోతే అక్కర్లేదు. అందుకే కాంట్రాక్టర్లు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి గ్యాంగులను తెచ్చి రూముల్లో పెడతారు. లోకల్ కుర్రాడు సంక్రాంతికి సెలవు అడుగుతాడని మొహం మీదే అనేవాళ్లున్నారు. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనంటూ 2019లో రాష్ట్రం చట్టం చేసింది నిజమే, కానీ దాన్ని చూపించి గేటు దాటినవాళ్లు నాకైతే తగల్లేదు.

కాంట్రాక్టరును ఒక్కటే అడగండి: ఎవరి రోలు (జీతాల జాబితా) మీద? కంపెనీ రోలా, ఆయన రోలా? నా దగ్గరకొచ్చే కుర్రాళ్లు ఫలానా పెద్ద కంపెనీలో చేశామని బయోడేటాలో రాస్తారు. తీరా పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే లేబర్ సప్లయర్ పేరు ఉంటుంది. కొందరికైతే అసలు పీఎఫ్ ఖాతాయే ఉండదు. కొత్త కంపెనీ హెచ్ఆర్ వాళ్లు చూసేది ఆ పాస్‌బుక్కే.

అందుకే నా ఓటు అప్రెంటిస్‌షిప్‌కి, అంటే స్టైపెండు తీసుకుంటూ కంపెనీలోనే పని నేర్చుకోవడానికి. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకి రాత పరీక్ష ఉంటుంది, టెన్త్ లెక్కలు, సైన్సు మళ్లీ తిరగేయాలి. షిప్‌యార్డు, రైల్వే నోటిఫికేషన్లు కూడా చూస్తుండండి. రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. స్టైపెండు కాంట్రాక్టరు ఇచ్చే జీతం కన్నా తక్కువే ఉండొచ్చు, ఆ తర్వాత ఉద్యోగం గ్యారంటీ కూడా లేదు. కానీ చేతికొచ్చే సర్టిఫికెట్ వాడి పేరు మీద ఉంటుంది, కాంట్రాక్టరు మారినా పోదు.

ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉంటే పరవాడకే పంపండి, తప్పేం లేదు. కాకపోతే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు మొదటి నెలలోనే చేతికి రావాలి. సాల్వెంట్ లైన్ల (మండే రసాయనాలు పారే పైపుల) దగ్గర వెల్డింగో కటింగో పెడితే హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు వచ్చే పనికి రాతపూర్వక అనుమతి) చూడకుండా చెయ్యి పెట్టొద్దని చెప్పండి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది పోయారు. కుర్రాడు టెన్షన్ పడతాడని ఈ మాట దాచకండి.

విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని అందరూ ఒకటే హడావుడి. కట్టాక అందులో పర్మినెంటు మనుషులు తక్కువే పడతారు. అయినా చిల్లర్లు (చల్లబరిచే పెద్ద యంత్రాలు), పంపులు, జనరేటర్లు చూసేవాళ్లు కావాలి కాబట్టి ఫిట్టర్‌కి ఏసీ, చిల్లర్ పని తోడైతే మంచిదే.

ఈ వారంలోనే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ చేయించండి. దానికి ముందు ఆధార్, టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే ఆధార్ సెంటర్‌కో, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన చోటికో వెళ్లి సరిచేయించండి. చాలా దరఖాస్తులు ఆగేది అక్కడే.