అహ్మదాబాదుకు మారిన కొత్తలో మాకు ఎదురైన చిన్న తేడాలు

ఉద్యోగరీత్యా విశాఖపట్నం నుంచి అహ్మదాబాదుకు కుటుంబంతో మారబోతున్నామని, భాష సంగతి ఎలాగోలా నెట్టుకొస్తాం గాని రోజువారీ చిన్న చిన్న తేడాలకు అలవాటు పడడానికి ఎంతకాలం పడుతుందని మీరు అడిగారు. నేనూ విశాఖ నుంచే వెళ్ళి అక్కడ నాలుగేళ్ళు కాపురం చేశాను కనుక నాకు ఎదురైనవే రాస్తున్నాను.

మొదట మమ్మల్ని తికమక పెట్టింది సూర్యుడు. గడియారం రెండు ఊళ్ళలోనూ ఒకటే అయినా, అహ్మదాబాదు విశాఖకు సుమారు 11 డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన దాదాపు ముప్పావు గంట తేడా వస్తుంది. జనవరిలో ఉదయం 7 గంటలకు కూడా సూర్యుడు కనబడడు. జూన్‌లో సాయంత్రం 7 గంటలకు ఇంకా ఎండ ఉంటుంది. మేము వెళ్ళింది జూన్‌లోనే. మా అత్తగారు అలవాటు చొప్పున ఆరున్నరకు దీపం పెట్టి, కిటికీలోంచి పడుతున్న ఎండను చూసి, ఈ ఊళ్ళో పొద్దు గూకదా అని నన్ను నిలదీసేవారు. నెల తిరిగేసరికి ఆవిడే గడియారం మానేసి ఆకాశం చూసి దీపం పెట్టడం మొదలుపెట్టారు. మీరు ఊరి నుంచి క్యాలెండర్ తీసుకెళ్తే అందులోని సూర్యోదయ, సూర్యాస్తమయాల వేళలు అక్కడికి సరిపోవని గుర్తుంచుకోండి.

తిండి విషయంలో మాత్రం ఏడాది పట్టింది. అక్కడి పప్పు పలుచగా ఉంటుంది, అందులో బెల్లం వేస్తారు, పులుపుకు కోకమ్ అనే పుల్లటి ఎండు పండు తొక్కో నిమ్మరసమో పడుతుంది. దాన్ని పప్పు అనుకున్నన్నాళ్ళూ నాకు ముద్ద దిగలేదు. తియ్యటి చారు అనుకున్న రోజు నుంచి ఇష్టంగానే తిన్నాను. వడ్డన వరుస కూడా వేరు. పక్కింటివారు మొదటిసారి భోజనానికి పిలిచినప్పుడు, అన్నం వస్తుంది కదా అని ఎదురు చూస్తూ, ఆమె వేసిన పుల్కాలన్నీ మొహమాటానికి తింటూ పోయాను. బాగా నచ్చాయేమోనని ఆమె ఇంకా వేశారు. తీరా చివర్లో అన్నం, పప్పు వచ్చేసరికి కడుపులో చోటు లేదు. కరివేపాకుకు మాత్రం బెంగ లేదు, దాన్ని వాళ్ళు ‘మీఠో లీమ్‌డో’, అంటే తియ్య వేప అంటారు. మన మాటలోనూ వేప ఉన్నదే కదా. అద్దె ఇల్లు చూసేటప్పుడు మాంసాహారం తింటారా అని చాలాచోట్ల సూటిగా అడుగుతారు. చేపలు లేనిదే గడవని ఇల్లయితే ఆ మాట ముందే చెప్పి, ఒప్పుకున్న చోటే దిగండి; మేము దాచి దిగి, పదకొండు నెలలు కిటికీలు మూసుకుని వండుకున్నాం.

దీపావళికి ముందే సరుకులు నింపుకోండి. వాళ్ళ కొత్త సంవత్సరం దీపావళి మర్నాడు, కార్తీక శుద్ధ పాడ్యమి నాడు వస్తుంది. చాలామంది వ్యాపారులు పంచమి దాకా, అంటే లాభ్ పాంచమ్ దాకా, దుకాణం తెరవరు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది మేము కందిపప్పు కోసం నాలుగు వీధులు తిరిగాము.

బస్సుల మీద గుజరాతీ అంకెలుంటాయి. వాటిలో ఒకటి అంకె మన కంటికి 9 లాగా, నాలుగు అంకె ఇంచుమించు 8 లాగా కనబడతాయి కాబట్టి పది అంకెలూ ఒక పూట కూర్చుని నేర్చుకుంటే మేలు. బండి తీసుకెళ్ళేటట్లయితే ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకోండి. 12 నెలలు దాటి అక్కడే ఉంచితే అక్కడి నంబరు వేయించాలి.

పిలుపుల సంగతి మాత్రం హాయిగా ఉంటుంది. అరవై దాటిన కూరగాయలాయన కూడా నన్ను ‘బెన్’, అంటే అక్కా అనేవాడు, నేను ఆయనను ‘కాకా’, అంటే బాబాయ్ అనేదాన్ని. ఒక్కచోట మాత్రం పప్పులో కాలేశాను. పక్కింటామె గుమ్మం దాకా సాగనంపి ‘ఆవ్‌జో’ అన్నారు. నాకున్న కొద్దిపాటి హిందీతో, రమ్మంటున్నారనుకుని మళ్ళీ చెప్పులు విప్పాను. అది మన ‘వెళ్ళొస్తాను’కు బదులు చెప్పే ‘వెళ్ళిరండి’ వంటి మాటని తర్వాత తెలిసింది. ఆమె నవ్వు ఆపుకుని, ఎలాగూ వచ్చారు కదా అని ఇంకోసారి టీ పెట్టారు.