ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన సోమ్ యుద్ధభూమిని బస్సులో చూపించే కోచ్ టూర్‌లో హైదరాబాద్‌కి సంబంధించినది ఏమైనా కనిపిస్తుందా?

కనిపిస్తుంది, లాంగ్వాల్ ఊరి దగ్గర హై వుడ్ అనే అడవి పక్క పొలాలు. 1916 జులై 14న అక్కడ 20వ డెక్కన్ హార్స్ రెజిమెంట్ గుర్రాల మీద బల్లేలతో జర్మన్ల మీదికి దూకింది. ఆ రెజిమెంట్ మూలాలు నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అనే సైనిక దళంలో ఉన్నాయి. 1903లో ఆ కంటింజెంట్‌ని బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిపేశారు కాబట్టి ఈ రెజిమెంట్ ఫ్రాన్స్ దాకా వెళ్లింది.

అడవి ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్లనివ్వరు. ఎదురుగా ఉన్న లండన్ సిమెట్రీ దగ్గర బస్సు ఆగితే అక్కడి నుంచే చూడాలి. గైడ్ ఎక్కువగా బ్రిటిష్ దళాల గురించే చెప్తాడు, మీరే అడగండి. సమాధి లేని భారతీయ సైనికుల పేర్లు మాత్రం ఉత్తరాన నవ్ షాపెల్ స్మారకం మీద ఉంటాయి, 4,700కి పైనే, కానీ సోమ్ టూర్లు సాధారణంగా అటు వెళ్లవు.

చాలామంది డెక్కన్ హార్స్‌ని హైదరాబాద్ లాన్సర్స్ అనే వేరే గుర్రపు దళం అనుకుంటారు. ఆ లాన్సర్స్ దళం నిజాం సొంత సైన్యంలోది, పోరాడింది పాలస్తీనా వైపు. ఢిల్లీ తీన్ మూర్తి స్మారకం గుర్తుచేసే మూడు దళాల్లో ఒకటి వాళ్లదే.