ఎండోస్కోపీలో గాల్‌బ్లాడర్ కనిపించదు తమ్ముడూ

అమ్మకు ఏడాదిగా తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి, ఎండోస్కోపీ నార్మల్, అందరూ గ్యాసే అంటున్నారని రాశావు. హన్మకొండలో నేనూ ఎనిమిది నెలలు గ్యాస్ గోలీలు మింగాను. ఇది గాల్‌బ్లాడర్‌లో (కాలేయం కింద పైత్యరసం నిలిచే చిన్న సంచి, పిత్తాశయం) రాళ్ల వల్ల కూడా కావచ్చు, పొట్ట అల్ట్రాసౌండ్ తీయించు. ముందు 6 నుంచి 8 గంటలు ఏమీ తినొద్దు; తింటే గాల్‌బ్లాడర్ ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. మొదటిసారి నేను పాల చాయ్ తాగి మరీ వెళ్లాను, నా తెలివి అట్లుంది! రెండోసారి రాళ్లు దొరికాయి. లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) గాల్‌బ్లాడర్ తీసేశారు, మర్నాడే ఇంటికొచ్చాను.

రాళ్లు లేకున్నా నొప్పి తగ్గకపోతే హైడా స్కాన్ (గాల్‌బ్లాడర్ సరిగా పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) అవసరమా అని సర్జన్‌ను అడుగు. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటలకొద్దీ ఆగకున్నా అర్ధరాత్రయినా సరే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపో.