కబడ్డీలో తలకు దెబ్బ: పక్కింటి అబ్బాయికి వారంలో తగ్గింది, మా పాపకు మూడు వారాలైనా ఎందుకు తగ్గలేదు?

కడప నుంచి అడిగిన అమ్మగారికి నమస్కారం. పదిహేనేళ్ల మీ పాపకు కబడ్డీ సాధనలో తలకు మోకాలు తగిలిందని, స్కానింగ్ బాగానే ఉన్నా తలనొప్పి, తల తిరగడం పోలేదని, బడి మాన్పించి చీకటి గదిలో పడుకోబెడుతున్నామని రాశారు. నేను అనంతపురం జిల్లాలో చాలా ఏళ్లు డ్రిల్ మాస్టారుగా పనిచేశాను. వైద్యుడిని కాను. ఇలాంటి దెబ్బలు తిన్న పిల్లలను మాత్రం దగ్గరగా చూశాను.

ముందు ఆ పక్కింటి అబ్బాయి సంగతి మరచిపోండి. దెబ్బ చూసేవాళ్లకు ఎంత గట్టిగా కనిపించిందన్న దాన్ని బట్టి కోలుకునే కాలం ఉండదు. మా బడిలో ఒక గోల్‌కీపర్ స్తంభానికి తల కొట్టుకుని కాసేపు స్పృహ తప్పాడు. అందరూ హడలిపోయారు. మూడు వారాలు దాటేసరికి మళ్లీ మామూలుగా ఆడాడు. అదే ఏడాది ఒక అమ్మాయికి కబడ్డీ రైడింగ్‌లో ఎవరిదో మోచేయి తగిలింది. స్పృహ తప్పలేదు, బొప్పి కూడా కట్టలేదు. నెత్తిన నీళ్లు చల్లుకుని మ్యాచ్ పూర్తి చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తేరుకోవడానికి ఆమెకు దాదాపు రెండు నెలలు పట్టింది.

తేడా ఎక్కడుందో ఆ అమ్మాయిని చూసిన డాక్టరు అడిగిన ప్రశ్నలతోనే తెలిసింది. మొదటి ఒకటి రెండు రోజుల్లో లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయన్నది ఆయన మొదటి ప్రశ్న. అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడదగ్గ సూచన అదే. దెబ్బ తగిలాక ఆట ఆపిందా అన్నది రెండోది. అప్పుడే బయటికి వచ్చిన పిల్లలతో పోలిస్తే ఆడుతూ పోయినవాళ్లకు దాదాపు రెట్టింపు కాలం పట్టిందని టీనేజ్ క్రీడాకారుల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. గతంలో తలకు దెబ్బ తగిలిందా అన్నప్పుడు ఆ పిల్ల తల దించుకుంది. కొన్ని నెలల ముందు స్కూటర్ మీద నుంచి పడిందట. చెబితే ఆట మాన్పిస్తారని ఇంట్లో దాచింది. పైగా పార్శ్వపు తలనొప్పి తల్లికీ ఉంది, ఆ పిల్లకూ ఉంది. పదో తరగతి, తెల్లవారుజామునే ట్యూషన్, చాలీచాలని నిద్ర, పరీక్షల దిగులు. ఇవన్నీ కలిసి సాగదీశాయి.

ఆడపిల్లలకు ఎక్కువ కాలం పడుతుందని చాలా పరిశీలనల్లో తేలింది. శరీరతత్వం సంగతి వైద్యులు చెప్పాలి గానీ, వైద్యం ఆలస్యం కావడమూ ఒక కారణమని నా నమ్మకం. అబ్బాయి పడితే నలుగురు పరుగెత్తుకొస్తారు, అమ్మాయి పడితే ఇంటికి వెళ్లి పడుకోమంటారు.

ఇక స్కానింగ్. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, పుర్రె పగుళ్లను చూపిస్తుంది. కంకషన్‌లో, అంటే తలదెబ్బకు మెదడు అదిరినప్పుడు, చెదిరేది మెదడు పనితీరు, అది ఆ ఫిల్ములో కనిపించదు. రిపోర్టు బాగుంది కదా, నటిస్తోందేమో అని ఎవరైనా అంటే నమ్మకండి. పిల్లలకు నాలుగు వారాల వరకు పట్టడం మామూలే.

చీకటి గది మాత్రం ఇక చాలు. కాస్త విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే; ఆ తర్వాత తేలికగా కదలడమే మేలని ఆటల్లో తలదెబ్బల మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన సదస్సు నిపుణులూ తేల్చారు. మన ఎండల్లో దాహంతో వచ్చే తలనొప్పి కూడా దీనికి తోడవుతుంది కనుక పొద్దున్నే నడిపించండి, నీళ్లు బాగా తాగించండి. నడిచేటప్పుడు నొప్పి కాస్త పెరిగి గంటలోపు తగ్గితే పరవాలేదు. బాగా పెరిగితే ఆ రోజుకు ఆపేయండి. రాత్రి నిద్ర చెడనివ్వకండి. బడికి ముందు సగం పూట పంపండి. బడి కుదుటపడ్డాకే పరుగు, ఆ తర్వాత ఎవరినీ తాకని సాధన, డాక్టరు సరేనన్నాకే పట్లు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు.

తల తిరగడం మెడ దెబ్బ వల్ల గానీ, లోపలి చెవి వల్ల గానీ కావచ్చు. ఫిజియోథెరపీతో తగ్గే అవకాశం ఉంది, అడిగి చూడండి. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే న్యూరాలజీ వైద్యులకు చూపించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఆ విభాగం ఉంది. పదేపదే వాంతులు, ఫిట్స్, నొప్పి అంతకంతకూ పెరగడం, మాట తడబడటం, లేపినా సరిగా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పది రోజుల్లో సెలక్షన్లు, మాత్ర వేసి పంపవచ్చా అని అడిగారు. పంపకండి. మాత్ర నొప్పిని కప్పిపెడుతుంది, మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. కోచ్ ఒత్తిడి చేస్తే 2019 లార్డ్స్ క్రికెట్ టెస్టు గుర్తుచేయండి. మెడకు బంతి తగిలిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ ఆ రోజు మళ్లీ బ్యాటింగ్‌కు దిగాడు. మర్నాటికి లక్షణాలు కనిపించడంతో అతన్ని తప్పించి బదులుగా లబుషేన్ అనే ఆటగాడిని ఆడించారు, తర్వాతి టెస్టుకూ స్మిత్‌ను దించలేదు. అప్పటికీ వినకపోతే డాక్టరు చేత కాగితం రాయించి చేతికివ్వండి.